అమ్ఘరా గిటారు మెడ సరిచేసిన వారం

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న, ఏ గిటారు మంచిదమ్మా అని. అది అమ్మేవాళ్లను అడగవలసిన ప్రశ్న. మన దగ్గరికి వచ్చేది ఎవరో కొని, ఎవరో వాడి, ఇంకెవరో మంచం కింద మరిచిపోయిన గిటారు. దానికి మంచి చెడ్డలు ఎంచే అవకాశం మనకు లేదు. వచ్చినదాన్ని మోగించి పంపాలి, అంతే.

నేను తెనాలిలో రేడియో మెకానిజం నేర్చుకుని, పెళ్లయ్యాక ఆయన వెంట కువైట్ వచ్చాను. హవల్లీలో ఒక సంగీత వాయిద్యాల కొట్లో రిపేరు బల్ల దగ్గర కూర్చున్నాను. ముప్పయ్యేళ్లు దాటాక ఈ మధ్యే లేచాను. మధ్యలో జీతాలు పెరిగిన వైనం, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు మార్చుకున్న వైనం రాస్తే మీకూ నిద్రొస్తుంది, నాకూ నిద్రొస్తుంది. ఎప్పుడు ఏ గిటారు వచ్చిందో, దాని తీగ ఎంత ఎత్తున ఉందో, నేను ఎంతకు దించానో రాసుకోవడం నాకు అలవాటు. మిల్లీమీటరులో పదో వంతు దగ్గర కూడా పేచీ పెట్టే మనిషినని కొట్లో పేరు. ఆ పేరు గురించి నాకు ఫిర్యాదు లేదు.

ఇక్కడ ఒక్క గిటారు కథే చెబుతాను. ఎందుకంటే పాత ఎలక్ట్రిక్ గిటారుకు రాగల జబ్బులన్నీ ఒకే వారంలో దానికే వచ్చాయి.

ఉస్తాద్

ముందు నాకు పని నేర్పిన మనిషి గురించి నాలుగు మాటలు. కొట్టు యజమాని గోవా ఆయన. అందరూ ఉస్తాద్ అనేవారు. నాతో హిందీలో మాట్లాడేవాడు, కోపం వస్తే కొంకణిలో. ఆయన నేర్పిన సూత్రం ఒకటే: నెక్కు లోపలి కడ్డీని పావు చుట్టు తిప్పు, వెళ్లి చాయ్ తాగు.

కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. గిటారు మెడను మేము నెక్కు అంటాం. అది చెక్క. దాని మీద వీణకు మెట్లు ఉన్నట్టే లోహపు మెట్లుంటాయి. తీగలన్నీ కలిసి ఆ చెక్కను రాత్రీ పగలూ ముందుకు లాగుతుంటాయి. అది విల్లులా వంగిపోకుండా లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. తలవైపు చిన్న మూత తీస్తే ఆ కడ్డీ చివర నట్టు కనబడుతుంది. బిగిస్తే నెక్కు వెనక్కి వస్తుంది, వదులు చేస్తే ముందుకు వంగుతుంది. చెక్క మన మాట వెంటనే వినదు. పావు చుట్టు తిప్పి, అది సర్దుకునేదాకా ఆగాలి.

ఒక జులైలో ఒక కుర్రాడు గిటారును కారు డిక్కీలో వారం ఉంచి తెచ్చాడు. కువైట్ జులైలో కారు డిక్కీ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. "యల్లా యల్లా, సాయంత్రం ప్రోగ్రాం" అని బల్ల మీద వేళ్లతో దరువేస్తున్నాడు. ఆ దరువు ఉస్తాద్ చెవిలోకెక్కింది. ఎప్పుడూ పావు చుట్టు మనిషి ఆ రోజు బిగుసుకున్న నట్టును గట్టిగా తిప్పాడు. లోపల కడ్డీ పుటుక్కుమంది. ఉస్తాద్ పానా కింద పెట్టి, "విరిగింది, నేను విరిచాను" అన్నాడు. పాతది కాబట్టి విరిగిందనలేదు, ఎండలో పెట్టినందుకు విరిగిందనలేదు. గోడకున్న తన సొంత గిటారు తీసి ఆ కుర్రాడి చేతికిచ్చాడు. ఆ కుర్రాడు ఆ తర్వాత ఇరవై ఏళ్లు మా కొట్టుకే వచ్చాడు. పని తెలిసినవాడికి తప్పు జరగదని ఎవరైనా చెబితే నమ్మకండి. జరిగిన నిమిషంలో ఏం మాట్లాడతాడన్నది చూడండి.

పూజ చేసిన గిటారు

నా ఆఖరి ఏడాది ఒక శుక్రవారం సాయంత్రం ఇద్దరు మనుషులు బ్యాగు లేని గిటారును దుప్పట్లో చుట్టి తెచ్చారు. ఒకాయన నలభై దాటిన రాజేశం, సులైబియాలో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఊరు జగిత్యాల దగ్గర. రెండో ఆయన మల్లయ్య, అదే గోదాములో పని, నిజామాబాద్ వైపు పెద్దమనిషి, వాళ్లుండే గదిలో అందరికన్నా పెద్ద. రాజేశం గిటారు తెచ్చాడు, మల్లయ్య అనుమానం తెచ్చాడు.

"కొన్నప్పుడు మంచిగనే మోగిందమ్మా," అన్నాడు రాజేశం. "అమ్ఘరాల పాత సామాన్ల కుప్పల దొరికింది. ఆన్నే దోస్తుగాని స్పీకర్‌కు పెట్టి సూసిన. రూముకు తెచ్చినంక సప్పుడే లేదు."

"నేను అప్పుడే జెప్పిన," అన్నాడు మల్లయ్య. "ఎవల్దో ఏమో. విల్లా ఖాళీ జేసి పారేసిన సామాను. సచ్చినోనిదైతే? అచ్చిరాలే. తీస్కపోయి ఆన్నే పడేయ్‌మంటే ఇంటలేడు."

"ఆగు కాకా. అమ్మను సూడనియ్యి."

రాజేశం తొందర ఎందుకో అప్పుడు చెప్పాడు. ఊళ్లో ఉండగా అతను పెళ్లిళ్లకు తిరిగే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. కువైట్ వచ్చాక పన్నెండేళ్లు చేతిలో ఫోర్క్‌లిఫ్ట్ స్టీరింగు తప్ప ఏమీ లేదు. ఇక్కడ తెలుగువాళ్ల ఫంక్షన్లన్నిటికీ వాయించే ఆర్కెస్ట్రా ఒకటి ఉంది. దాన్ని నడిపేది గోదావరి వైపు సత్తిబాబు గారు. వాళ్ల గిటారిస్టు ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోతున్నాడు. వచ్చే శుక్రవారం అబూ హలీఫాలో వాళ్లు ప్రాక్టీసు చేసే చోట కొత్తవాణ్ని వాయించి చూస్తారు.

"గా సీటు మల్ల ఎప్పుడు ఖాళీ అయితదో ఎర్కలేదమ్మా," అన్నాడు. "గోదాముల నా పేరు కూడ ఎవలకు ఎర్కలేదు. ఫోర్క్‌లిఫ్ట్ అంటరు. ఓ ఫోర్క్‌లిఫ్ట్, ఇటు రా అంటరు."

మల్లయ్య నవ్వి, "నన్నయితే బుడ్డా అంటరు. నేనేమన్న అడుగుతున్ననా?" అన్నాడు.

నేను గిటారును బల్ల మీద పెట్టి లైటు దించాను. మీరూ ఇదే చేయండి. స్క్రూడ్రైవరు ముట్టుకోకముందు కళ్లతో చూడండి, తర్వాత వాసన చూడండి. ఇది నవ్వులాట కాదు. కాలిన వైరుకో వాసన, తడిసిన చెక్కకో వాసన. ఈ గిటారు గుడి వాసన వేసింది.

నెక్కు చివర గంధం, ఒంటి మీద ఐదు చోట్ల బొట్లు, పైన తీగలు బిగించే మరల చుట్టూ ఎండిన పూల తొడిమలు. తీగల మోతను పట్టే పికప్‌లను మార్చే స్విచ్ మీట కదిలేందుకు వేలెడు సందు ఉంటుంది. ఆ సందులోకి దూది చుట్టిన పుల్ల పెట్టి తీశాను. ఎర్రగా వచ్చింది, జిగురుగా వచ్చింది.

"ఇదేమిటి?" అన్నాను.

"కుంకుమ," అన్నాడు మల్లయ్య. "కొత్త సామాను ఇంట్లకొస్తే పూజ జెయ్యరా? నేనే జేసిన. శాస్త్రప్రకారం జేసిన."

"బొట్టు పైన పెట్టారు, బాగుంది. ఈ సందులోకి ఎలా వెళ్లింది?"

"గండ్ల గూడ ఇంత ఏసిన. కరెంటు లోపల్నుంచే గద వచ్చేది. అసలు మనిషి లోపలున్నంక పైపైన పెడితే ఏం లాభం?"

"జిగురేమిటి?"

మల్లయ్య దుప్పటి మడత పెట్టసాగాడు. రాజేశం పైకప్పు వైపు చూస్తూ, "కొబ్బరికాయ గొట్టిండమ్మా," అన్నాడు. "నీళ్లు సల్లిండు."

మూత విప్పి వాళ్లిద్దరికీ చూపించాను. స్విచ్ లోపల సన్నని రాగి రేకులు ఒకదానికొకటి తాకితేనే శబ్దం బయటికొస్తుంది. కొబ్బరినీళ్లలో తీపి ఎండి బంకైంది. ఆ బంకకు కుంకుమ పట్టుకుంది. రేకుల మధ్య ఎర్రటి గోడ లేచింది. వాల్యూం మరలోనూ అదే.

"అంటే సచ్చినోడు గాదు," అన్నాడు రాజేశం.

"కాదు. బతికున్న మల్లయ్య గారు."

మల్లయ్య బల్లకు దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. "మరి నిరుడు ఫోర్క్‌లిఫ్ట్‌కు గూడ గిట్లనే జేసిన. అదైతే మంచిగనే నడుస్తున్నది," అన్నాడు.

నాకు ఆ భక్తి మీద ఏ పేచీ లేదు. దసరాకు నా సోల్డరింగ్ ఐరన్‌కూ బొట్టు పెడతాను, పిడికి పెడతాను. కువైట్‌లో మన వాళ్లు పాత సామాను కొంటే దిష్టి తీయకుండా, పూజ చేయకుండా వాడరు. మీ దగ్గరికీ వస్తాయి. వచ్చినప్పుడు నవ్వకండి, విసుక్కోకండి. ఎక్కడ పెట్టారో అడగండి. అడిగితే చెబుతారు. విసుక్కుంటే దాస్తారు, అప్పుడు జబ్బు వెతకడానికి మీకు రెండింతలు పడుతుంది. పూజ చేయాలంటే గిటారు పెట్టెకు చేయమని చెప్పండి. మల్లయ్య ఆ మాటకు ఒప్పుకున్నాడు, "పెట్టె గూడ కొనాలె అయితే" అని రాజేశం వైపు చూసి.

స్విచ్ కడగడానికి స్పిరిట్, మెత్తని బ్రష్, ఓపిక చాలు. వాల్యూం మర మాత్రం కొత్తది వేశాను. కడిగితే పని చేసేది, కానీ పాట మధ్యలో గరగరమనదని నేను మాట ఇవ్వలేను. మాట ఇవ్వలేని సామానును గిటారులో ఉంచకండి. కొత్త మరకు రెండు వైర్లు అతికి, ఆంప్లిఫయరుకు తగిలించి మీటాను. మోగింది. రాజేశం ముఖం చూస్తే ఇక ఇంటికి వెళ్లిపోదామన్నట్టు ఉంది.

"ఇది సగమే," అన్నాను. "మోగడం వేరు, శ్రుతిలో మోగడం వేరు. ఇక్కడ వదిలి వెళ్లండి."

మెడ

మన పనిలో వరస ముఖ్యం. ముందు కొత్త తీగలు. తర్వాత నెక్కు. తర్వాత తీగల ఎత్తు. అన్నిటికన్నా చివర శ్రుతి. చాలామంది చివరి పనితో మొదలుపెట్టి, మళ్లీ మళ్లీ అదే పని చేసి, గిటారును తిడతారు.

కొత్త తీగలు ఎక్కించి శ్రుతి చేసి, మొదటి మెట్టునూ ఆఖరి మెట్టునూ ఒకేసారి నొక్కి పట్టి, మధ్యలో తీగకూ మెట్టుకూ ఎంత సందుందో చూశాను. విజిటింగ్ కార్డు దూరేంత ఉండాలి. ఇక్కడ నాలుగైదు కార్డులు కలిపి దూర్చవచ్చు. అమ్ఘరా రేకుల షెడ్డులో ఎన్ని వేసవులు గడిపిందో గానీ నెక్కు బాగా వంగింది. పన్నెండో మెట్టు దగ్గర తీగ నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. రెండు ఉంటే బాగు. అంత ఎత్తున్న తీగను నొక్కితే అది సాగుతుంది, సాగితే స్వరం పైకి పోతుంది. కింద మెట్ల మీద రాగం వినబడుతుంది, పైకి వెళ్లేకొద్దీ అపస్వరం.

కడ్డీ నట్టు బిగిద్దామని చూస్తే అది కదల్లేదు. నట్టు మర చివరికి వచ్చేసింది. మునుపటి యజమాని ప్రతి వేసవిలో ఇంత, ఇంత బిగిస్తూ పోయినట్టున్నాడు. ఇక తిరగడానికి మర మిగల్లేదు. బలవంతం చేస్తే ఉస్తాద్ చేతిలో వినబడిన శబ్దమే నా చేతిలో వినబడుతుంది.

మర్నాడు రాజేశానికి ఫోన్ చేశాను. గోదాములో వెనక ఏవో హారన్లు మోగుతున్నాయి.

"రెండు దారులున్నాయి," అన్నాను. "ఇలాగే తీసుకెళ్తే విరగదు. కానీ ఐదో మెట్టు దాటితే శ్రుతి తప్పుతుంది. సత్తిబాబు గారు మొదటి పాటలోనే పట్టేస్తారు. లేదంటే నట్టు విప్పి, కింద వాషర్లు వేసి, నెక్కును బల్లకు బిగించి వెనక్కి వంచి, మళ్లీ నట్టు బిగిస్తాను. పాత కడ్డీ, విప్పేటప్పుడే తెగవచ్చు. తెగితే శుక్రవారం నీ చేతిలో గిటారు ఉండదు." అందరినీ మీరు అనేదాన్ని, ఆ ఒక్క వాక్యంలో నువ్వు అనేశాను.



"మీరైతే ఏం జేస్తరమ్మా?"

ఈ ప్రశ్న మీకూ వస్తుంది. జవాబు చెప్పకుండా తప్పించుకోకండి. నిర్ణయం వాళ్లది, అభిప్రాయం మాత్రం మనం చెప్పాలి. "నేనైతే విప్పుతాను," అన్నాను.

"విప్పున్రి మరి. మోగనిదాన్ని భుజాన ఏస్కొని పోయి ఏం జేస్త? ఇరిగితే ఇరగని. నేనే పోయి సత్తిబాబు సార్‌కు జెప్త."

తీగలు పూర్తిగా వదులు చేశాను. నట్టు దగ్గర ఒక్క చుక్క నూనె వేసి ఆగాను. తర్వాత వెనక్కి పావు చుట్టు. కీచుమంది కానీ తెగలేదు. నట్టు బయటికి వచ్చాక కడ్డీ మరలను పళ్లు తోమే బ్రష్‌తో శుభ్రం చేసి, రెండు ఉక్కు వాషర్లు వేశాను. రెండు వాషర్లు, అంతే. మర మీద నట్టు నడవడానికి మళ్లీ చోటు దొరికింది. బల్లకు నెక్కును మెత్తని చెక్కల మధ్య బిగించి కొద్దిగా వెనక్కి వంచి, ఆ వంపులోనే నట్టును చేతి వేళ్ల బలంతో బిగించాను. చెక్కను వంచే భారం ఆ బిగింపు మోస్తుంటే కడ్డీ మీద ఒత్తిడి పడదు. ఇది గుర్తుంచుకోండి: నెక్కును కడ్డీతో వంచకండి, నెక్కును చేత్తో వంచి కడ్డీతో ఆపండి.

ఆ వారం రోజుకు ఒక పావు చుట్టే తిప్పాను. కొట్టు కొత్త మేనేజరు రోజూ వచ్చి, "మేడమ్, ఈ గిటారు ఇంకా బల్ల మీదే ఉందా?" అనేవాడు. లెక్కలు చూసే మనిషి, ఆయన బాధ ఆయనది. "ఉంది, చాయ్ తాగుతోంది," అనేదాన్ని. బుధవారానికి సందు కార్డంత అయింది. తీగల ఎత్తు లావు తీగ కింద రెండు మిల్లీమీటర్లు, సన్నతీగ కింద ఒకటీ పాయింటు ఆరు. శ్రుతి ఆఖరున. పన్నెండో మెట్టు పైన తీగను తేలిగ్గా తాకితే ఒక స్వరం వస్తుంది, అక్కడే నొక్కి మీటితే ఇంకొకటి వస్తుంది. రెండూ ఒకటే కావాలి. నొక్కిన స్వరం పైకి పోతుంటే తీగ పొడవు పెంచాలి, కిందికి పోతుంటే తగ్గించాలి. ఆరు తీగలకూ చేశాను.

గురువారం రాజేశం వచ్చి తీసుకున్నాడు. వాయించి చూడమంటే పైమెట్ల మీద వేళ్లు పెట్టి, నా వైపు చూసి, మళ్లీ గిటారు వైపు చూశాడు. "మీరు గూడ రావాలమ్మా రేపు," అన్నాడు.

అబూ హలీఫాలో

మామూలుగా నేను వెళ్లను. మన పని కొట్లో మొదలై కొట్లో ముగుస్తుంది. కానీ ఎండలో సులైబియా నుంచి అబూ హలీఫాకు ప్రయాణం చేసి, ఒక్కసారిగా చల్లటి ఏసీ గదిలోకి వెళ్లాక ఆ నెక్కు ఎలా ప్రవర్తిస్తుందో చూడాలనిపించింది. వెళ్లగానే పెట్టె తెరిచి, అరగంట అలా వదిలేసి అప్పుడు శ్రుతి చేయమన్నాను. చేశాడు.

సత్తిబాబు గారు కీబోర్డు వెనక కూర్చున్నారు. మర్యాద గల మనిషి, మొహమాటం లేని చెవి. డ్రమ్ముల దగ్గర ఒక కుర్రాడు. గోడ వారగా మల్లయ్యతో పాటు గది మనుషులు ఐదుగురు.

"మొదలెట్టండి," అన్నారు సత్తిబాబు గారు.

రాజేశం ఒక మెల్లని పాట ఎత్తుకున్నాడు. గిటారు చెప్పినట్టు విన్నది. రాజేశం వేళ్లు వినలేదు. పన్నెండేళ్లు స్టీరింగు పట్టిన వేళ్లు. మొదటి చరణంలో ఒకచోట తడబడి ఆగి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగాడు. మనం పని బాగా చేస్తే ఇది కూడా జరుగుతుంది, తెలుసుకోండి. సామాను సరిగ్గా ఉంటే వాయించేవాడికి సాకు మిగలదు.

"గిటారు బాగుందండి," అన్నారు సత్తిబాబు గారు.

ఆ మాటకు అర్థం గదిలో అందరికీ తెలిసింది. రాజేశం వంగి వైరు తీయబోయాడు.

"అరేయ్," అన్నాడు మల్లయ్య గోడ దగ్గర నుంచి. "గా పాట నీది గాదుర. రూముల నువ్వు పళ్లెం మీద కొట్టేది కొట్టు. దాని మీదనే కొట్టు."

"కాకా, గిక్కడనా?"

"మరెక్కడ? గోదాములనా?"

రాజేశం ఎడమ అరచేయి తీగల మీద బోర్లా వేసి, కుడిచేత్తో తీన్మార్ ఎత్తుకున్నాడు. బరాత్‌లో డప్పు కొట్టినట్టు, స్వరం లేకుండా ఉత్త దరువు. రెండో చుట్టుకు డ్రమ్ముల కుర్రాడు తనకు తెలియకుండానే కర్రలు అందుకున్నాడు. నాలుగో చుట్టుకు గది మనుషుల్లో ఒకడి భుజాలు కదిలాయి. అప్పుడు రాజేశం అరచేయి ఎత్తి, పైమెట్ల మీదికి, పన్నెండు దాటి పదిహేను దాకా పాకి, ఊళ్లో పెళ్లి మేళం సన్నాయి వాయించే వరసను తీగ సాగదీసి సాగదీసి వాయించాడు. శ్రుతి ఎక్కడా ఇటు కాలేదు, అటు కాలేదు. వేళ్లు ఈసారి తడబడలేదు. ఇది వాటికి నేర్పనక్కర్లేని పాట.

సత్తిబాబు గారు కీబోర్డు మీద చేతులు పెట్టలేదు. అయ్యేదాకా విన్నారు.

"మనకి ఫంక్షన్లకొచ్చే జనంలో సగం మంది అటువైపోళ్లేనండి," అన్నారు డ్రమ్ముల కుర్రాడితో. "ప్రతిసారీ తీన్మార్ కొట్టండని అడుగుతారు. ప్రతిసారీ ఫోన్లో రికార్డు పెడతాం. సిగ్గేసి చస్తున్నానండి." తర్వాత రాజేశం వైపు తిరిగారు. "ఆ మొదటి పాట వచ్చేవారానికి నేర్చుకోవాలండి. ఫింతాస్‌లో పుట్టినరోజు ఉంది. మా వాళ్లంతా నల్ల చొక్కా వేస్తారు. ఉందాండి మీకు?"

"లేదు సార్. కొంట."

"నాది ఉన్నదిరా," అన్నాడు మల్లయ్య. "నీకు జర పెద్దగైతది."

"పెద్దదైనా పరవాలేదండి," అన్నారు సత్తిబాబు గారు. "గిటారు అడ్డంగా ఉంటది కదండీ."